వాగు అవతలి జనాభా

చిల్మాపంపా, పొటోసీ
ఏప్రిల్ 1991

బసీలియా అక్కకి,

నువ్వు పంపిన స్వెటర్ చేరింది. చేతులు మరీ పొడుగు. నేనింకా పెరుగుతున్నాననుకున్నావా? నలభైకి దగ్గర పడ్డాను, ఇప్పుడు పెరిగితే అడ్డంగానే పెరగాలి.

ఇక్కడ మొక్కజొన్న కోతలు మొదలయ్యాయి. కండెలున్నాయి గానీ కోసే చేతులు లేవు. నా బడిపిల్లలు, వాళ్ళ అమ్మమ్మలు, తాతలు కలిసి కోస్తున్నారు. మధ్యవయసు వాళ్ళంతా మీ అర్జెంటీనాలో టమాటాలు కోస్తున్నారు కదా. మన ఊరికి తల ఉంది, కాళ్ళున్నాయి, నడుమే లేదు.

నీ ఇల్లు భద్రంగా ఉంది. ప్రతి ఆదివారం వెళ్ళి తాళం లాగి చూసి వస్తాను. మొన్నటి వానలకి కూడా కప్పు కారలేదు. జెనోన్ బావ తన చేతులతో రాళ్ళు మోసి కట్టిన ఇల్లు మరి, మనిషి లేకపోయినా గట్టిగా నిలబడింది.

సరుకుల వ్యాపారం చేసే మన హిలారియో అటు నుంచి వచ్చాడు. నువ్వు అక్కడ భూమి కౌలుకి తీసుకున్నావని వాడి నోట విన్నాను. నాకు రాయలేదేం? కౌలంటే ఇంకా ఎన్నేళ్ళు? రెండేళ్ళలో వచ్చేస్తానని తాళంచెవి కొంగున కట్టుకుని పోయిన దానివి, పదకొండేళ్ళయింది.

వచ్చే ఏడాది మన దగ్గర జనాభా లెక్కలట. మాస్టర్లమే ఇంటింటికీ తిరగాలి. నీ గుమ్మం ముందు నిలబడి ఏం రాసుకోవాలా అని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.

నీ తమ్ముడు
రుఫీనో కోల్కే, మాస్టారు
(మాస్టారు అని రాయకపోతే పోస్టాఫీసులో వరసలో నిలబెడుతున్నారు)


సాన్ ఎలాదియో, వాగు అవతల
మే 1991

తమ్ముడు రుఫీనోకి,

అవును, కౌలుకి తీసుకున్నాను. మొదటి పంట చేతికొచ్చాక గొప్పగా రాద్దామని ఆగాను. హిలారియోకి నోరు ఊరుకోదు, నా గొప్పంతా వాడే చెప్పేసుకున్నాడు.

వచ్చిన కొత్తలో ఇక్కడి భూస్వామి డాన్ రేమో తోటలో కూలికి చేశాం. తర్వాత పాలుకి చేశాం. పాలంటే పేరుకే. చాకిరీ మాది, నడుం నొప్పి మాది, మూడింట రెండు వాటాలు ఆయనవి. ఇప్పుడు అదే నేల కౌలుకి నా చేతికి వచ్చింది, నా పేరు మీద. నీ బావ పేరు రాయిద్దామంటే ఆయనే వద్దన్నాడు. "నారు పోసేది నువ్వు, మార్కెట్లో బేరమాడేది నువ్వు, నన్ను తిట్టేది నువ్వు. పేరొక్కటీ నాదెందుకే?" అన్నాడు.

ఇక్కడ జనాభా లెక్కలు ఈ నెలలోనే. మేమందరం ఎదురుచూస్తున్నాం. ఎందుకో విను. సాన్ ఎలాదియో మేయరు రేడియోలో ఏమన్నాడో తెలుసా? "వాగు అవతల బొలీవియా వాళ్ళు నాలుగు కుటుంబాలుంటారేమో. కోతలకి వస్తారు, పోతారు. వాళ్ళ కోసం వంతెన కట్టాలా?" అన్నాడు. క్రితం చలికాలం మా పక్కింటి ఎర్మీనియాకి నొప్పులొస్తే అంబులెన్సు ఊరివైపు గట్టునే ఆగిపోయింది. ట్రాక్టరు తొట్టిలో, పాలకూర పెట్టెల మధ్య కన్నది. ఆ పిల్ల ఇప్పుడు నా మిరప నారు పీకేస్తోంది. అది కోతలకి వచ్చి పోయే మనిషా?

అందుకే ఈసారి లెక్కలోకి ఎక్కాలి. ఇంటి పెద్ద ఎవరని అడుగుతారట. నేనే అంటాను. పనేమిటంటే సొంత సేద్యం అంటాను. కూలి కాదు, పాలు కాదు. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. నా కూతురు నొయేలియా నవ్వలేక చచ్చింది.

తాళంచెవి ఇక్కడ మేకుకి వేలాడుతోంది. అప్పుడప్పుడు నూనె రాస్తాను. బెంగపెట్టుకోకు.

అక్క
బసీలియా


చిల్మాపంపా
జూన్ 1991

అక్కా,

కుశలాలు తర్వాత. హిలారియో నిన్న వచ్చి పిడుగులాంటి మాట పడేసి వెళ్ళాడు. మీరంతా పని మానేసి కూర్చున్నారట, ఊరికి కూరగాయలు ఆపేశారట, మున్సిపాలిటీ వాళ్ళు ట్రాక్టరు వేసుకుని మీ మీదికి వచ్చారట. అంతవరకు చెప్పి, బస్సు వచ్చిందని ఎక్కేశాడు వెధవ. ఏం జరిగిందో పూర్తిగా చెప్పకుండా పోయినవాణ్ణి ఏమనాలి?

నీకు మతి ఉందా? అది మన ఊరు కాదు. మీలో ఎంతమందికి కాగితాలు సరిగ్గా ఉన్నాయి? రేపు మిమ్మల్ని తెచ్చి సరిహద్దు దగ్గర దింపేస్తే ఏం చేస్తావు? నొయేలియా అక్కడ పుట్టిన పిల్ల, మన క్వెచువా భాషలో మంచినీళ్ళు అడగడం కూడా రాదు. పరాయిచోట తలొంచుకుని బతకాలక్కా. నీకెప్పుడూ తల వంచడం చేతకాలేదు, చిన్నప్పుడు నాన్న దగ్గర కూడా అంతే.

నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఉత్తరం అందగానే రాయి.

రుఫీనో


సాన్ ఎలాదియో, వాగు అవతల
జూలై 1991

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ భయపడ్డాడు, నేను నవ్వాను. కూర్చుని నింపాదిగా చదువు. ఎవరూ ఎవరి మీదికీ రాలేదు.

లెక్కల రోజు పొద్దున్నే అందరం తలస్నానాలు చేశాం. ఆడవాళ్ళం పెట్టె అడుగున దాచుకున్న కుచ్చుల పావడాలు తీశాం, జడలు వేసుకుని టోపీలు పెట్టుకున్నాం. పల్లీల సూపు కాచాం, మొక్కజొన్న ఉడకబెట్టాం. మా పాక కింద బల్లలు వేసి, వచ్చినవాళ్ళ తల మీద చల్లడానికి రంగు కాగితపు ముక్కలు పళ్ళెంలో పోసి పెట్టాం. అతిథికి అవి చల్లకుండా ఎలా ఉంటాం? ఆ రోజు వాన. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. తర్వాత తెలిసింది, లెక్కలు రాసే టీచరమ్మ వాగు దాకా వచ్చిందట. దాటడానికి వేసిన రాళ్ళ మీంచి నీళ్ళు పోతున్నాయి. గట్టు మీద ఎవరో "అటువైపు ఎవరూ లేరమ్మా" అంటే వెనక్కి తిరిగిందట.

మర్నాడు పొద్దున ఫెలిసియానో తాత అందరినీ పిలిచాడు. మా మధ్య ముసలివాడంటే ఆయనొక్కడే, అందుకే మా అందరికీ తాతే. "మన ఊళ్ళల్లో భూమి కొలవడానికి పెద్దమనిషి వస్తాడని కబురొచ్చాక, వాడు వచ్చి, చూసి, తిని పోయేదాకా ఎవడైనా చేలో అడుగు పెట్టేవాడా?" అన్నాడు.

"పెడితే జరిమానా" అన్నాం అందరం.

"మరి కబురు రేడియోలో వచ్చింది కదా. కూర్చోండి."

కూర్చున్నాం. అంతే జరిగింది. సమ్మె అన్న మాట మాలో ఒక్కరి నోటా రాలేదు. కోపం కూడా లేదు. అతిథి కోసం ఆగాం, రోజూ సూపు కొత్తగా కాచాం. నీకిది వివరించక్కర్లేదు, నువ్వూ ఆ మన్ను మీద పుట్టినవాడివే. ఇక్కడివాళ్ళకి మాత్రం బుర్రకెక్కలేదు.

కూరగాయల కోసం లారీవాడు వచ్చి మా వేషాలు చూసి తెల్లబోయాడు. "పెళ్ళా?" అన్నాడు.

"లెక్కలు."

"లెక్కలు నిన్ననే అయిపోయాయి కదా!"

"మావి కాలేదు" అన్నాను. ఖాళీ పెట్టెలతోనే పోయాడు.

మధ్యాహ్నం డాన్ రేమో బూట్లకి బురద పట్టించుకుంటూ వచ్చాడు. "బసీలియా, పాలకూర ముదిరిపోతోంది, నీకు పిచ్చి గానీ పట్టిందా?" అని అరిచాడు. "కౌలు నాది డాన్ రేమో. ముదిరితే నా పాలకూరే ముదురుతుంది" అన్నాను. ఎన్నేళ్ళుగా ఆ మాట అనాలని ఉందో! ఆ ఒక్క మాట కోసం మడి మొత్తం పోయినా పోనీ అనిపించింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని సూపు తాగాడు. రెండో గిన్నె కూడా అడిగాడు.

మూడో రోజుకి సాన్ ఎలాదియోలో ఆకు దొరకలేదు. పాలకూర లేదు, ముల్లంగి లేదు, ఉల్లికాడ లేదు. ఆసుపత్రి వంటగది వాళ్ళు, కూరగాయల కొట్లవాళ్ళు మున్సిపాలిటీకి పోయి ఇవన్నీ ఏమయ్యాయని అడిగారట. ఇవన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయో మేయరుకి అప్పుడు తెలిసింది. మేయరు ఇంట్లో సలాడ్ లేక ఏం గొడవైందో మాత్రం నాకు తెలియదు.

ఆ సాయంత్రమే మున్సిపాలిటీ ట్రాక్టరు వాగు దాటింది. దాని మీద మిర్తా అనే టీచరమ్మ, పక్కనే టై కట్టుకున్న ఆఫీసరొకడు. జెండాలు, కేకలు ఉంటాయనుకుని వచ్చారు పాపం. దిగగానే ఎర్మీనియా గుప్పెడు కాగితపు ముక్కలు తల మీద పోసింది. టీచరమ్మ నవ్వింది. టై మనిషి రాళ్ళనుకుని చేతులడ్డం పెట్టుకుని ట్రాక్టరు కిందికి దూరబోయాడు.

నాలుగు కుటుంబాల మాట నమ్మి తెచ్చిన కాగితాలు ఎక్కడ సరిపోతాయి? టీచరమ్మ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పోతూ పోతూ అంది, "మీలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువున్నారే! పిల్లల్లో సగానికి పైగా ఈ దేశంలో పుట్టినవాళ్ళే. పని లేనివాళ్ళు ఒక్కరూ కనబడలేదు. మరి ముసలివాళ్ళేరీ?"

"ముసలివాళ్ళమవడానికి ఖాళీ దొరకలేదమ్మా" అన్నాను. ఆమె నవ్వి అదేదో రాసుకుంది. నువ్వు చెప్పిన నడుం ఇక్కడుంది రుఫీనో, ఆమె చేత్తో తడిమి చూసి రాసుకుపోయింది.

మా ఇంట్లో ప్రశ్నలు అడిగేటప్పుడు టీచరమ్మ మొదట మీ బావ వైపు చూసింది. "ఇంటి పెద్ద ఎవరు?" ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నేనే" అన్నాను. అద్దం ముందు బాగానే వచ్చింది, అక్కడ గొంతు వణికింది. పని? సొంత సేద్యం. ఇంటి గోడలు? చెక్కలు. కౌలు నేల మీద ఇటుక పెట్టనివ్వరు. నేల? మట్టి. ఎక్కడ పుట్టారు? "చిల్మాపంపా, పొటోసీ, బొలీవియా" అన్నాను, అవతల సూపు తాగుతున్న టై మనిషికి వినబడేటట్టు.

తల వంచమని రాశావు. నారు నాటేటప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వంచే ఉంటుంది నా తల. ఆ కొద్ది రోజులూ ఎత్తాను. ఇక నిద్రపో.

అక్క


చిల్మాపంపా
ఫిబ్రవరి 1992

అక్కకి,

నీ ఉత్తరం బడిలో చదివి వినిపించాను. ముసలివాళ్ళు కూడా వచ్చి పిల్లల బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. టై మనిషి దగ్గర మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. "బసీలియా మన పిల్ల" అని ఒకరికొకరు చెప్పుకున్నారు, నాకు తెలియదన్నట్టు. నా గుండె పొంగింది. జాగ్రత్తగా ఉండమని నేను రాసిన ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టెయ్యి.

ఇప్పుడు నేను రాయకుండా దాచిన సంగతి రాస్తున్నాను. మన బడిలో ఇరవై అయిదుమందే మిగిలారు. జూన్‌లో జనాభా లెక్కలు చూసి, ముప్పై మందైనా లేని చోట బడి ఎత్తేస్తారట. ఎత్తేస్తే మన పిల్లలు కొండ దాటి ఒరుర్‌పాతా దాకా నడవాలి. చలికాలంలో ఆ దారి నీకు తెలుసు. నా ఉద్యోగం గురించి కాదక్కా, నన్నెక్కడికైనా వేస్తారు.

పక్క ఊళ్ళవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. బయటున్న వాళ్ళందరినీ లెక్కల రోజుకి బస్సుల్లో రప్పిస్తున్నారు. ఒక్క రాత్రి సొంత ఇంట్లో పడుకుని, రాయించుకుని, వెళ్ళిపోతారు. నువ్వు, నొయేలియా, ఎర్మీనియా పిల్లలు, మనవాళ్ళంతా రండి. నీ మాట అక్కడ నడుస్తుంది. నీ తాళం నువ్వే తియ్యి.

రుఫీనో


సాన్ ఎలాదియో
మార్చి 1992

రుఫీనో,

రాను.

ఆ మాట మెత్తగా ఎలా రాయాలో తెలియక అలాగే రాశాను. నన్ను ఇక్కడ లెక్క రాసుకున్నారు. దానికోసం మడి పాలకూర ముదరబెట్టుకున్నాను. మేయరు మమ్మల్ని వచ్చి పోయేవాళ్ళన్నాడు. ఇప్పుడు నేను బస్సెక్కి వచ్చి ఒక రాత్రి పడుకుని పోతే, ఆయనన్నది నేనే నిజం చేసినట్టు కాదా? నొయేలియాని ఏమని రాస్తావు, చిల్మాపంపా బడిపిల్ల అనా? దొంగలెక్కతో నిలబెట్టిన బడిలో ఏ మొహంతో కూడికలు నేర్పుతావు?

బడి నిలవాలంటే అక్కడ పొద్దున లేచి, ముక్కు తుడుచుకుని, నీ దగ్గరికి వచ్చే పిల్లలు కావాలి. చుట్టపుచూపు పిల్లలు కాదు.

నా గుమ్మం ముందు ఏం రాసుకోవాలా అన్నావు కదా. ఎవరూ లేరు అని రాసుకో. నిజం అదే. ఆ రెండు ముక్కలు రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాస్తున్నాను, అయినా రాను.

బసీలియా


చిల్మాపంపా
ఏప్రిల్ 1992

అక్కా,

నీ ఉత్తరం వారం రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. మొదట కోపం వచ్చింది. నువ్వన్నది నిజమే కాబట్టి మరీ కోపం వచ్చింది.

ముక్కు తుడుచుకుని వచ్చే పిల్లలు కావాలన్నావు. ఉన్నారు. సెవేరా అని ఒకామె, అయిదుగురు పిల్లలతో కిందటి నెల వచ్చింది. గని మూతపడ్డాక ఊరూరా తిరుగుతున్నారు. మొగుడు చెరుకు కొట్టడానికి పల్లపు ప్రాంతానికి పోయి తిరిగి రాలేదు. కట్టెల కొట్టంలో ఉంటున్నారు. పిల్లలు అప్పుడే నా బడిలో కూర్చుంటున్నారు, రెండోది లెక్కల్లో నన్నే దిద్దుతోంది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం గునుస్తున్నారు. "గనోళ్ళకి సేద్యమేం తెలుసు? ఇయ్యాల వస్తారు, రేపు పోతారు. ఆళ్ళకి ఇల్లెందుకు, నీటివంతెందుకు?" అంటున్నారు. ఇల్లిస్తే ఉండిపోతానంటోంది ఆమె. చలి ముదిరితే ఆ కొట్టంలో పిల్లలు ఆగలేరు, వేరే దారి చూసుకుంటారు. ఊళ్ళో ఖాళీగా ఉండి, కప్పు కారని ఇల్లు ఒక్కటే ఉంది.

అడగకూడదు. ఆ ఇల్లు నీకేమిటో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

రుఫీనో


సాన్ ఎలాదియో
మే 1992

తమ్ముడూ,

"ఇయ్యాల వస్తారు, రేపు పోతారు." ఈ మాట నేనెక్కడ విన్నానో నీకు చెప్పక్కర్లేదు. చదవగానే ఒళ్ళు మండింది. మనవాళ్ళ నోటినుంచా!

హిలారియో చేత పొట్లం పంపుతున్నాను. విప్పు. నూనె రాసి గుడ్డలో చుట్టాను, తిప్పితే తిరుగుతుంది.

ఇది పంపాలని అనుకున్న రోజు మేకు మీంచి తీయలేకపోయాను. మీ బావ చూసి, గుడ్డ ముక్క తెచ్చి పక్కన పెట్టి పోయాడు. గోడలు కట్టినవాడు ఆయనే కదా. ఆ తాళంచెవి అక్కడ వేలాడుతుంటే, ఏ రోజైనా వెళ్ళిపోవచ్చులే అని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు మేకు ఖాళీగా ఉంది. నా టోపీ తగిలించాను.

దానం చేస్తున్నానని ఆమెతో అనకు. ఇంటి వెనక మెట్ల చేను కూడా పాలుకి ఇవ్వు. చెరి సగం. నేను డాన్ రేమోని కాను. నా సగంతో నీ బడిపిల్లలకి మధ్యాహ్నం సూపు కాయించు. నా నీటివంతు ఆమెదే. ఊళ్ళో ఎవరైనా నోరెత్తితే, టై మనిషి కథ ఉన్న ఆ ఉత్తరం ఇంకోసారి చదివి వినిపించు.

లెక్కల పుణ్యమా అని వాగు మీద వంతెనకి గుంజలు దిగాయి. ఎర్మీనియా కడుపుతో ఉంది. ఈసారి మంచం మీదే కంటానంటోంది.

అక్క


చిల్మాపంపా
జూన్ 1992

అక్కకి,

లెక్కలు ముగిశాయి. కాళ్ళు వాచాయి, గొంతు పోయింది, కానీ ఇది ఇవాళే రాయాలి.

కింది వీధినుంచి మొదలుపెట్టాను. ఇంటింటా ముసలివాళ్ళు, పసివాళ్ళు. "కొడుకెక్కడ?" అర్జెంటీనా. "కోడలు?" అర్జెంటీనా. రాసుకుంటూ పైకి వచ్చాను. నీ ఇంటి మలుపు తిరిగి, గుమ్మం దగ్గర అలవాటుగా తాళం కోసం చెయ్యి చాపాను. తలుపు దానంతటదే తెరుచుకుంది.

సెవేరా గుమ్మంలో నిలబడి ఉంది. ఉతికిన పావడా, నూనె పెట్టిన జడలు. వెనక అయిదుగురు పిల్లలు ఎత్తుల వరసలో, ముక్కులు తుడుచుకుని. లోపల సూపు ఉడుకుతోంది. నేను నోరు తెరిచేలోపల రంగు కాగితపు ముక్కలు నెత్తిన పోసింది. గునిసినవాళ్ళంతా గోడ మీంచి తొంగి చూస్తున్నారు.

పద్ధతి ప్రకారం అడిగాను. "ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే" అంది. గొంతు వణికింది అక్కా, నువ్వు రాసినట్టే.

"ఎక్కడ పుట్టారు?"

గని పేరు చెప్పింది, గోడవతలి వాళ్ళకి వినబడేటట్టు.

నీ గుమ్మం ముందు ఏం రాసుకోవాలా అని ఏడాదిగా బెంగపడ్డాను. ఏమీ తడుముకోకుండా రాశాను. గోడలు, రాయి. కప్పు, కారదు. ఆ గడిలో అంత చోటు లేదు గానీ, "జెనోన్ కట్టినది" అని కూడా రాశాను. కొట్టేస్తే కొట్టేసుకోనీ. మనుషులు, ఆరుగురు. బడికి వెళ్ళేవాళ్ళు, అయిదుగురు. మన బడికి ముప్పై నిండారు.

నీ పేరు ఎక్కడా రాయలేదు. నువ్వు అక్కడ, నీ ఇంట్లో ఉన్నావు.

జుట్టులో కాగితపు ముక్కలు ఇంకా రాలుతూనే ఉన్నాయి. నాలుగు ఈ కవరులో వేస్తున్నాను. మేకుకి తగిలించిన టోపీ మీద పోసుకో.

నీ తమ్ముడు
రుఫీనో, చిల్మాపంపా బడి మాస్టారు